నత్త అభిప్రాయం

జూన్ 3

మా ఆయన చేసిన కంప్యూటర్ ఆట బయటికొచ్చిన రోజు నుంచి ఆయన ఫోను వదలటం లేదు. ఆడినవాళ్ళు దాని కింద అభిప్రాయాలు రాస్తారు. నచ్చితే పైకి చూపించే బొటనవేలు, నచ్చకపోతే కిందికి చూపించేది. పైకి చూపించేవి ఎన్ని వచ్చినా ఆయనకు గుర్తుండవు. ఎవరో "డొక్కు ఆట" అని రాశారట. పొద్దున స్నానాల గదిలోంచి ఆ మాటే వినిపించింది. నీళ్ళు పోసుకుంటూ తనలో తనే అనుకుంటున్నారు, డొక్కు ఆట, డొక్కు ఆట అని.

మధ్యాహ్నం బొమ్మలన్నయ్య వచ్చారు. ఆటలో ఓడల బొమ్మలన్నీ గీసింది ఆయనే. ఇద్దరూ ఉద్యోగాలు మానేసి కూర్చుని చేశారు ఈ ఆటని. ఈయన కంచం ముందు కూడా ఫోను చూస్తుంటే లాక్కున్నారు.

"ఒరేయ్, నువ్విలా చదువుతూ కూర్చుంటే ఆటకి కొత్త కూర్పు కాదు కదా, కొత్త చొక్కా కూడా వేసుకోవు. ఇది చెల్లెమ్మకివ్వు. చదివి పనికొచ్చేవి నీకు చెప్తుంది. తిట్లు పారేస్తుంది."

"దానికి ఆట గురించి ఏం తెలుసు?"

"తెలీదు కాబట్టే. తెలిసినవాడు చదివితే కడుపు మండుతుంది."

"మరి నువ్వు చదవొచ్చుగా."

"నా ఓడ తెగిన చెప్పులా ఉందన్నాడెవడో. ఒక్కటే చదివాను. నాకు ఆ ఒక్కటీ చాలు."

ఆయన నవ్వారు. నవ్వి చాలా రోజులైంది. ఫోను నా చేతికొచ్చింది. నాకు పైకి చదవటం సరిగ్గా రాదని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఆట మన భాషలోనే ఉంది కాబట్టి రాసేవాళ్ళూ మన భాషలోనే రాస్తారు. లేకపోతే నా చదువుకి ఈ పని వచ్చేది కాదు.

జూన్ 4

భోజనాలయ్యాక చదివాను. ఆయన బల్ల దగ్గర గోడ వైపు తిరిగి పని చేసుకుంటారు. నేను వెనక మంచం అంచున కూర్చుంటాను. "ఉక్కుపిడికిలి గారు ఇలా అంటున్నారు" అని మొదలుపెట్టాను. అక్కడ అందరివీ ఇలాంటి పెట్టుడు పేర్లే. ఆయన భుజాలు కదిలాయి.

"గారు ఏంటి? వాడికి పదమూడేళ్ళు కూడా ఉండవు."

అయినా గారు అనే చదివాను. ముక్కూ మొహం తెలియని మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాను.

ఈ ఇంటికొచ్చాక నేను ఆయనతో ఇంతసేపు మాట్లాడింది ఈ రోజే. మాటలు నావి కావు. నోరు నాదే కదా.

జూన్ 5

ఈ రోజు కూడా చదివాను. ఆయన మధ్యలో "ఊఁ" అంటారు.

జూన్ 9

"మోత ఓడలంటే ఏంటండీ?" అని అడిగేశాను.

ఆయన కుర్చీ దిగి వచ్చి నా కుట్టుడబ్బా తెరిచి గుండీలు దుప్పటి మీద పరిచారు. నల్లవి అంతరిక్షంలో తేలే రాళ్ళు, వాటిలో లోహం ఉంటుంది. తెల్లవి మోత ఓడలు, ఆ లోహాన్ని మన స్థావరానికి మోసుకొస్తాయి. దానితో యుద్ధ ఓడలు చేసుకోవాలి. అవతల ఆడేవాడు కూడా అదే చేస్తుంటాడు. చదరంగంలోలా వంతులు ఉండవు. నువ్వు ఆలోచిస్తున్నావు కదా అని వాడు ఆగడు.

"నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టి ఉండగా ఎవరో తలుపు కొట్టినట్టు" అన్నాను.

"అదే. సరిగ్గా అదే."

వెంటనే బొమ్మలన్నయ్యకి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పారు. "మా ఆవిడ అంది" అన్నారు.

పక్క దులిపేటప్పుడు దిండు కింద ఒక తెల్ల గుండీ దొరికింది. దాన్ని డబ్బాలో వెయ్యకుండా మళ్ళీ దిండు కిందే పెట్టాను.

జూన్ 12

తిట్లు వదిలెయ్యమన్నారు కాబట్టి వదిలేస్తున్నాను. తిట్టు ఎక్కడ మొదలవుతుందో ఒక్కోసారి తెలియదు. "ఓడలు ఎక్కువైతే ఆట కదలకుండా బిగుసుకుపోతోంది, కళ్ళు మూసుకుని చేశారా" అని ఒకరు రాశారు. రెండో సగం తిట్టు. మొదటి సగం చదివితే ఆ ఊపులో రెండోది కూడా నోటికొస్తుందని మొత్తం వదిలేశాను.

మోత ఓడల గురించి చాలామంది రాస్తున్నారు. శత్రువు ఎదురుగా ఉన్నా చుట్టూ తిరిగి రావట, తిన్నగా మంటల్లోకే పోతాయట, గుడ్డి గాడిదలట. నేను "మోత ఓడల గురించి చాలామంది రాస్తున్నారండీ" అన్నాను.

"అవునా? వాటి మీదే నేను ఎక్కువ కష్టపడ్డాను. ఏమంటున్నారు?"

"ఎక్కువగా వాటి గురించే."

ఇంకేం అడగలేదు. సాయంత్రం దాకా ఈల వేసుకుంటూ పనిచేశారు. ఆయనకు ఈల వెయ్యటం వచ్చని నాకు తెలియదు.

జూన్ 17

ఈ రోజు అన్నీ కిందికి చూపించే వేళ్ళే. పైనుంచి కిందిదాకా వెతికాను. చదవటానికి ఒక్కటి లేదు. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి ఎదురుచూస్తున్నారు.

"ఏం, ఎవరూ రాయలేదా?"

ఆ గొంతు విని, "రాశారండీ, నత్త గారని ఒకరు" అన్నాను.

ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పొద్దున మెట్ల గోడ మీద ఒక నత్త పాకుతుంటే చూశాను, అందుకేమో.

"ఏమంటాడు?"

"యుద్ధం మొదలవ్వకముందే బాగుంటుందట. ఓడలన్నీ ఒక్కొక్కటే పనికి బయల్దేరుతుంటే, పొద్దున్నే వీధిలో కొట్లు తెరుస్తున్నట్టు ఉంటుందట. అది చూడటానికే ఆట పెట్టుకుంటారట."

కంప్యూటర్ మీద ఆయన చేతులు ఆగిపోయాయి. మళ్ళీ చదవమన్నారు. ఫోను వైపు చూస్తూ మళ్ళీ అవే మాటలు చెప్పగలిగాను. తడబడలేదు. నిజంగా రాసి ఉన్నవి చదివేటప్పుడే నేను తడబడతాను.

జూన్ 18

అబద్ధం కాదు. ఎవరో ఒకరికి అలా అనిపించే ఉంటుంది. నచ్చనివాళ్ళే రాస్తారు, నచ్చినవాళ్ళు ఊరుకుంటారు.

జూన్ 23

ఆయన, బొమ్మలన్నయ్య బయటికి వెళ్ళారు. మూలనున్న పాత కంప్యూటర్లో ఆట పెట్టుకున్నాను. నత్త గారు చెప్పేవి ఆడి చెప్పినట్టు ఉండాలి కదా.

అవతలివాడు వచ్చిపడేసరికి నా దగ్గర యుద్ధ ఓడ ఒక్కటి కూడా లేదు. అన్నీ మోత ఓడలే చేసుకున్నాను. చుట్టూ మంటలు. అవి మాత్రం బరువు దించాలి కాబట్టి ఇంటి వైపే వస్తున్నాయి. పక్కకి చూడవు. ఒకటి సగం కాలిపోయి కూడా స్థావరం గుమ్మం దాకా వచ్చి అక్కడ ఆరిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

గుడ్డి గాడిదలు అన్నవాళ్ళకి ఇది కనబడలేదా.

మళ్ళీ ఆడాను. మళ్ళీ ఓడిపోయాను. బియ్యం నానబెట్టటం మర్చిపోయాను.

జూలై 2

వదిన పైకి వచ్చింది. ఆయనకు అక్క. ఇల్లు ఆవిడదే, మేం పై రెండు గదుల్లో ఉంటాం. వదిన పార్శిళ్ళ గోదాములో మేస్త్రీ. పగలంతా లారీల మధ్య అరిచి అరిచి, ఇంటికొచ్చినా గొంతు తగ్గదు.

"ఏరా, ఆకాశంలో నీ ఓడలు ఎక్కడిదాకా వచ్చాయి?"

"కొత్త కూర్పు చేస్తున్నానక్కా. అది వస్తే నిలబడుతుంది."

"పాత కూర్పప్పుడూ అదే అన్నావు. నేను నిన్ను తిండి పెట్టలేక అనటం లేదు. అద్దం చూసుకున్నావా? ఎండకి కనబడి ఎన్నాళ్ళైంది? ఈ కొత్తది కూడా చూస్తాను. ఇదీ నిలబడకపోతే మారుమాట్లాడకుండా నాతో గోదాముకి వస్తావు. సరేనా?"

"సరే."

"ఏం పిల్లా, నువ్వు విన్నావుగా. నువ్వు సాక్షివి."

నేను తలూపాను. గోదాముకి వెళ్తే ఆయన ఎలా అయిపోతారో నాకు తెలుసు. ఇంతకుముందు ఉద్యోగం చేసిన రోజుల్లో సాయంత్రం వచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. నేనొకదాన్ని ఇంట్లో ఉన్నానని గుర్తు చెయ్యాల్సి వచ్చేది. నేను గుర్తు చేసేదాన్ని కాదు.

జూలై 8

చదువుతుంటే ఆయనే ఆపారు.

"మోత ఓడలు శత్రువుని తప్పించుకుని చుట్టూ తిరిగి వచ్చేలా రాశాను. సగం పైనే అయింది. కొత్త కూర్పులో పెడదామనుకుంటున్నాను. ఎవరైనా అడిగారా అలాంటిది?"

చాలామంది అడిగారు. నా చేతిలో ఉన్నదే అది.

కానీ నాకు ఆ సగం కాలిన ఓడ కళ్ళ ముందుకు వచ్చింది. చుట్టూ తిరిగి వస్తే అది ఇక అది కాదు.

"నత్త గారు రాశారండీ. అవి పక్కకి చూడకుండా ఇంటికే రావటం తనకి అన్నిటికన్నా నచ్చిందట. బరువు మోసేవాళ్ళు అలాగే వస్తారట. దారి మార్చుకునే తీరిక ఉండదట."

ఆయన కుర్చీ మళ్ళీ గోడ వైపు తిప్పుకున్నారు. తర్వాత గోడతో అన్నట్టు, "ఇన్నాళ్ళకి ఒకడికి అర్థమైంది" అన్నారు.

నిజంగా నాకు అలాగే అనిపించింది. నత్త నోటితో చెప్పాను, అంతే తేడా.

జూలై 10

చుట్టూ తిరిగేది తీసేశారు. కొత్త కూర్పుకి "ఇంటిదారి" అని పేరు పెట్టారు. మోత ఓడ ఇల్లు చేరితే చిన్న గంట మోగుతుంది. ఇప్పటికన్నా ఇంకా నిదానంగా వస్తాయట.

బొమ్మలన్నయ్య ఒప్పుకోలేదు.

"ఒక్కడి మాట మీదా?"

"వాడొక్కడే ఆటని చూసి రాస్తున్నాడు. మిగతావాళ్ళు గెలుపు చూసి రాస్తారు."

"గెలవటానికేరా ఆడేది. ఓడలు ఇంటికొస్తుంటే చూడ్డానికి ఎవడొస్తాడు, అత్తగారా?"

"నువ్వు ఓడలు గియ్యి."

"గీస్తాను. చెప్పులు గీసేవాడికి సలహా ఎందుకులే."

నవ్వుతూనే అన్నారు కానీ టీ తాగకుండా వెళ్ళిపోయారు.

జూలై 19

"నత్తకి జవాబు రాయాలి. నేను చెప్తాను, నువ్వు ఫోన్లో కొట్టు" అన్నారు.

కొట్టాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఆగి ఆగి చెప్పారు.

"మీరు రాసేవి రోజూ వింటున్నాను. మీ మాట వినని రోజు పని సాగదు. ఈ ఆట చేస్తున్నంతకాలం ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూస్తున్నట్టు ఊహించుకునేవాణ్ణి. ఎవరని తెలియదు. మీరేనేమో అనిపిస్తోంది. ఈ ఆట ఎలా పోయినా మీరు దొరికారు."

"పంపావా?"

"పంపానండీ."

పంపలేదు. నా దగ్గరున్న ఫోన్లోనే దాచుకున్నాను. అంట్లు తోముతూ మధ్యలో చేతులు తుడుచుకుని వచ్చి చదువుకున్నాను. ఆయన నాకు ఎప్పుడూ ఏమీ రాయలేదు.

జూలై 27

ఈ రోజు చదివేటప్పుడు రెండు నిజమైనవి చదివాను. ఒకటి, అక్షరాలు చిన్నగా ఉన్నాయని. రెండోది, సంగీతం బాగుందని. అన్నీ నత్తవే అయితే బాగుండదు.

ఆగస్టు 6

పని, పని. నన్ను చూసి "నీకు చదవటం బాగా వచ్చేసింది" అన్నారు.

ఆగస్టు 20

"ఇంటిదారి" విడుదలైంది. వదిన కింద నుంచి "ఎగిరాయా ఓడలు?" అని కేకేసింది. బొమ్మలన్నయ్య ఫోన్లో మాట్లాడారు, రాలేదు. ఆయన కొత్త చొక్కా వేసుకున్నారు.

ఆగస్టు 21

"ఇంకా ఎవరూ రాయలేదండీ."

ఆగస్టు 22

"ఇంకా లేదండీ. ఆడి చూడాలి కదా, తర్వాత రాస్తారు."

"నత్త కూడానా?"

"నత్త గారు ఊరెళ్ళారేమో."

ఫోనుని బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టాను. అందులో ఎన్ని ఉన్నాయో చూడటానికి వేలు రాలేదు.

ఆగస్టు 24

బొమ్మలన్నయ్య తలుపు కొట్టకుండా లోపలికి వచ్చారు.

"చూశావా?"

"మనం చూడం కదా. అది చదువుతుంది."

"ఏం చదివావమ్మా?" అని నన్ను అడిగారు. నేను వంటగది గుమ్మంలో ఉన్నాను. గరిటె చేతిలోనే ఉంది.

"సరే, నేను చదువుతాను విను." తన ఫోను తీశారు. ఉక్కుపిడికిలిని గారు లేకుండా చదివారు. "'మొదటి రోజు నుంచి అందరం మొత్తుకుంటున్నాం, మోత ఓడలకి దారి మార్చుకోవటం నేర్పండి అని. వీళ్ళు అవి చావటానికి ఇంకా నిదానంగా పోయేలా చేసి, పైన గంట పెట్టారు. మనల్ని వెక్కిరిస్తున్నారు. నేను ఆట తీసేస్తున్నాను.' దీని కింద ఎంతమంది 'నేనూ' అన్నారో చూడు. ఇదిగో ఇంకోడు, 'ఓడలు ఎక్కువైతే బిగుసుకుపోతోందని మూడుసార్లు రాశాను, వినేవాడు లేడు.'"

"మొదటి రోజు నుంచా?" అన్నారు ఆయన.

"జూన్ నుంచి ఉన్నాయిరా. ఇప్పుడు కూర్చుని అడుక్కంటా చూశాను. మరి నీ నత్త ఎక్కడ? మొత్తం గాలించాను. నత్త లేదు, పీత లేదు."

ఆయన కుర్చీ తిప్పి నా వైపు కూర్చున్నారు.

"నత్త ఎవరు?"

గరిటె గట్టు మీద పెట్టాను. ఆయన నా మొహం చూసి ఇక అడగలేదు.

బొమ్మలన్నయ్య మంచం మీద కూలబడ్డారు. కాసేపటికి, "ఇంత బాగా కల్పించే మనిషి ఇంట్లో ఉంటే ఆటకి కథ రాయించుకోకుండా ఫోను చేతికిచ్చామేంట్రా" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్నాయన కూడా నవ్వలేదు. వెళ్ళేటప్పుడు నా వైపు చూడకుండా "వస్తానండీ" అన్నారు. ఎప్పుడూ చెల్లెమ్మా అనేవారు.

ఆగస్టు 25

కొడతారేమో అనుకున్నాను. తిడతారేమో అనుకున్నాను. పొద్దున లేచి టీ తాగి గ్లాసు కడిగి పెట్టారు. గ్లాసు ఎప్పుడూ కడగరు.

మధ్యాహ్నం అడిగారు. "ఆ ఓడలు నీకు నిజంగా నచ్చాయా?"

"నచ్చాయండీ."

"పక్కకి చూడకుండా వస్తాయని?"

"అవునండీ. నేను ఆడి చూశాను. ఒకటి సగం కాలి..."

"సరే."

ఆయన తలూపారు. నెమ్మదిగా, చిన్నపిల్లలు చెప్పేది విన్నట్టు. నమ్మలేదు. ఒట్టు పెడదామనుకున్నాను. ఒట్టు పెట్టినా నత్త పెట్టినట్టే ఉంటుంది.

ఈ నోటితో నేను ఆయనకు చెప్పిన వాటిలో అదొక్కటే పూర్తి నిజం.

ఆగస్టు 29

చుట్టూ తిరిగేది మళ్ళీ రాసి పెట్టారు. బిగుసుకుపోవటం కూడా బాగుచేశారు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడు అన్నీ చదువుతానండీ, ఒక్క ముక్క వదలను" అన్నాను.

"అవసరం లేదు. నేను చూసుకుంటాను."

కుర్చీ గోడ వైపు ఉంది. మంచం అంచున కాసేపు ఊరికే కూర్చుని లేచాను.

సెప్టెంబర్ 3

పాత కంప్యూటర్లో ఆడాను. ఇప్పుడు ఓడలు మంట కనబడితే ఒంపు తిరిగి, రాళ్ళ వెనకగా వస్తున్నాయి. ఒక్కటి కూడా కాలలేదు. అందరూ చెప్పింది నిజమే, ఇదే బాగుంది. మొదటే ఇలా ఉంటే అందరూ ఉండేవారు.

సెప్టెంబర్ 6

ఈ రోజు ఎవరూ తిట్టలేదు. ఎవరూ ఏమీ రాయలేదు.

సెప్టెంబర్ 9

రాయలేదు.

సెప్టెంబర్ 11

ఆట ఆడుతున్నవాళ్ళు ఎంతమందో ఒక మూల కనిపిస్తుంది. ముగ్గురు. ఒకరు బొమ్మలన్నయ్య అని ఆయన చెప్పారు. ఒకరు నేను, అది ఆయనకు చెప్పలేదు. మూడో ఆయన ఎవరో. రోజంతా ఆ మూడు మీదే ఆశ పెట్టుకుని చూశాను. సాయంత్రానికి రెండైంది. నేను ఆపేస్తే ఒకటవుతుందని ఆపకుండా అలాగే వదిలేసి వంట చేశాను.

సెప్టెంబర్ 15

బొమ్మలన్నయ్యకి సబ్బుల కంపెనీలో బొమ్మలు గీసే పని దొరికింది. ఫోన్లో ఆయనతో అంటుంటే వినిపించింది. "బుడగలు గీస్తానురా ఇక. బుడగని చెప్పు అనలేడు ఎవడూ."

వదిన పైకి వచ్చింది. ఈసారి అరవలేదు. అరవకుండా మాట్లాడితే ఆవిడ గొంతు వేరే ఎవరిదోలా ఉంది.

"ఇంక చాలురా. సోమవారం నుంచి రా."

"సరే అక్కా."

అంతే. ఇంకొక్క మాట అంటారని చూశాను. వదిన కూడా చూసింది. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఏం జరిగిందో ఆయన వదినకి చెప్పలేదు. నా తప్పుని తన మీద వేసుకున్నారో, ఎవరి తప్పని ఆలోచించే ఓపిక లేదో నాకు తెలియదు.

సెప్టెంబర్ 18

మొదటి రోజు. "ఎలా ఉందండీ పని?"

"బాగుంది."

సెప్టెంబర్ 19

"బాగుంది."

సెప్టెంబర్ 26

ఆట మూసేశారు. కంప్యూటర్ బల్ల మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్నాను. కుర్చీ ఏ వైపు తిప్పి పెట్టాలో తెలియక బల్ల కిందికి తోసేశాను.

అక్టోబర్ 4

వదినతో కలిసి బట్టలు ఆరేస్తుంటే, "వాణ్ణి అక్కడ ఆకాశం అంటున్నారు, తెలుసా" అంది. "ఆకాశం, ఈ పెట్టె దించు. ఆకాశం, లారీ వచ్చింది, కిందికి చూడు. నిన్న కాలి మీద పెట్టె పడేసుకుంటే, ఆకాశం విరిగి పడింది అని ఒకటే నవ్వు. నేను వెళ్ళి నలుగురినీ ఉతికి ఆరేశాను. నీకు చెప్పాడా?"

"చెప్పారు వదినా" అన్నాను.

చెప్పలేదు. కాలు ఈడుస్తూ వస్తే చెప్పులు కరిచాయన్నారు.

రాత్రి అన్నం పెడుతూ అడిగాను, పని ఎలా ఉందని.

"బాగుంది" అన్నారు. తర్వాత, నేను అక్కడే నిలబడి ఉండటం చూసి, తలెత్తి ఇంకా చెప్పారు. "అందరూ మర్యాదగా ఉంటారు. ఒక పెద్దాయన ఉన్నాడు, లెక్కలు చూస్తాడు. పెట్టెలు పేర్చటంలో నా చెయ్యి మంచిదంటాడు. నేను పేర్చినవి చూస్తుంటే గోడ కట్టినట్టు ముచ్చటగా ఉంటుందట. ఈ రోజు కూడా అన్నాడు."

తడబడకుండా చెప్పారు.

ఆ పెద్దాయన పేరేంటని నేను అడగలేదు.